బుక్కరాయసముద్రం అంకె బెళుగుప్పకు జారింది

అనంతపురం నుంచి ఒకావిడ రాశారు. పేరూ, ఆఫీసు పేరూ బయటపెట్టొద్దన్నారు. చేత్తో రాసిన నాలుగు పేజీల ఉత్తరం. అందులోని సంగతి ఇది.

ఆవిడకు నలభై మూడేళ్లు. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసే భర్త మూడేళ్ల కిందట గుండెపోటుతో పోయారు. కారుణ్య నియామకం కింద ఆవిడకు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం ఇచ్చారు. అదే ఆఫీసు, ఆయన కూర్చున్న సెక్షనే. పెళ్లికి ముందు టైపు మిషన్ మీద లోయర్ పరీక్ష పాసయ్యారు కాబట్టి కీబోర్డు కొత్త కాదు. లెటర్లు కొట్టమంటే వేళ్లు పరుగెడతాయి. కష్టమంతా టేబుల్స్‌తోనే. మండలాలవారీ స్టేట్‌మెంట్ చేయమంటే స్పేస్‌బార్ నొక్కుకుంటూ, గీతల బదులు డాష్‌లు కొట్టుకుంటూ పోతారు. తన కంప్యూటర్‌లో ముచ్చటగా కనిపిస్తుంది. ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిస్తే చెల్లాచెదురు.

దానికి ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టారు. ఆర్నెల్లుగా సాయంత్రం పూట ఆ కాగితాలు పెన్‌డ్రైవ్‌లో వేసుకొని టవర్‌క్లాక్ దగ్గర ఒక డీటీపీ షాపుకు పోతున్నారు. పేజీకి నలభై రూపాయలు. అక్కడి అబ్బాయి టేబుల్ వేసి ఇస్తే, పొద్దున్నే తన పనిగా సెక్షన్‌లో పెట్టేస్తున్నారు.

పోయిన నెల ఒకరోజు షాపు మూసి ఉంది. తెల్లారితే రివ్యూ మీటింగ్. రాత్రి ఏడు దాకా కూర్చుని తనే కొట్టి మెయిల్ పెట్టారు. మీటింగ్ హాల్లో వేరే ల్యాప్‌టాప్‌లో తెరిచేసరికి బుక్కరాయసముద్రం వరసలోని చివరి అంకె కింది లైనులోకి జారి, బెళుగుప్ప నెత్తిన కూర్చుంది. ఏ అంకె ఏ మండలానిదో ఎవరికీ అర్థం కాలేదు. పై అధికారి అందరి ముందూ సూపరింటెండెంట్‌ను అడిగారు. ఆయన సెక్షన్‌కు వచ్చి, ఇలాంటివి కొట్టేది డేటా ఎంట్రీ అమ్మాయే కదా అనుకొని ఆ పిల్లను కడిగేశారు. ఔట్‌సోర్సింగ్ కింద చేరిన ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఈవిడ వైపు ఒకసారి చూసి తల వంచుకుంది. ఈవిడ నోరు విప్పలేదు.

"ఆ రోజు నుంచి ఆ పాప నన్ను అక్కా అని పిలవడం మానేసింది. మేడమ్ అంటోంది" అని రాశారు. ఆ వాక్యం కింద గీత గీసి ఉంది.

ఇంకా ఉంది. భర్త స్కేలు పెట్టి గీసిన రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయట. వచ్చినవాళ్లకల్లా తీసి చూపిస్తారట, "సారు పనితనం చూడండి" అని. బెంగళూరులో బీటెక్ చదివే కొడుకును ఫోన్లో అడిగితే "ఇన్సర్ట్‌లోకి పోయి టేబుల్ నొక్కు, అంతే కదమ్మా" అంటాడు. ఆ "అంతే" తర్వాత ఏం చేయాలో ఈవిడకు తెలియదు, మళ్లీ అడగడానికి మొహమాటం. ప్రొబేషన్ ఖాయం కావాలంటే కంప్యూటర్ పరీక్ష పాసవ్వాలి. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం మానేసి మిషన్ కుట్టుకుంటూ బతకడం మేలా, లేక ఎవరికైనా చెప్పుకోవాలా అని అడిగారు. చివర్లో, చోటు చాలక మార్జిన్‌లో ఇంకో ప్రశ్న: "గడిలో పేరు కొట్టి ఎంటర్ నొక్కితే పక్క గడిలోకి పోవడం లేదు, ఆ గడే పెద్దదవుతోంది. నేనేం తప్పు చేస్తున్నాను?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టైపు లోయర్ అన్న మాట దగ్గర నాకు ముడి దొరికింది.

టైపు క్లాసులో స్టేట్‌మెంట్ ఎలా కొట్టించేవారో గుర్తు తెచ్చుకోండి. ఒక్కో కాలమ్‌లో అన్నిటికన్నా పొడవైన మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టాలి. కాలమ్‌కూ కాలమ్‌కూ మధ్య ఎన్ని స్పేసులు వదలాలో తేల్చుకోవాలి. ఆ లెక్క తప్పకపోతే కాగితం మీద అంకెలు నిటారుగా నిలబడేవి. కారణం ఒక్కటే: టైపు మిషన్ మీద అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పు. సన్నటి 'ఐ' ఎంత చోటు తీసుకుంటుందో లావుపాటి 'ఎం' కూడా అంతే. స్పేసు కూడా అంతే.

కంప్యూటర్‌లో మామూలుగా వాడే ఫాంట్లు అలా ఉండవు. ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పు. స్పేసు చాలా అక్షరాలకన్నా సన్నం. "గుత్తి" పక్కన పాతిక స్పేసులు కొట్టి, "బుక్కరాయసముద్రం" పక్కన నాలుగు కొట్టి, రెండు అంకెలనూ ఒకే నిలువుకు తెచ్చామనుకుంటాం. అది ఆ ఫాంటు, ఆ సైజు, ఆ మార్జిన్ ఉన్నంతసేపే. మీటింగ్ హాల్ ల్యాప్‌టాప్‌లో మీ తెలుగు ఫాంటు లేకపోతే అది తనకు తోచిన వేరే ఫాంటు పెట్టుకుంటుంది. ఒక్కో అక్షరం వెంట్రుకవాసి లావెక్కినా చాలు, లైను పట్టక చివరి అంకె కిందికి దిగుతుంది. మీ బుక్కరాయసముద్రానికి జరిగింది ఇదే. అంటే మీకు పని రాక కాదు, ఒక మిషన్ మీద నేర్చిన పద్ధతిని ఇంకో మిషన్ మీద నమ్మకంగా చేశారు. నేర్పినవాళ్లు తప్పు నేర్పలేదు, మిషనే మారింది.

ఇక మీరు అడిగినవాటికి వస్తాను. ఉద్యోగం మానేసే మాట ముందు తీసి పక్కన పెడదాం. ఈ నియామకం ఇంటికి ఒక్కసారే ఇస్తారు. రాజీనామా చేస్తే రేపు మీ అబ్బాయి అడిగినా రాదు. మిషన్ కుట్టడం చిన్న పనేమీ కాదు, దానిలోనే మీకు ఇష్టం ఉంటే వేరే సంగతి. కానీ మీ ఉత్తరంలో కుట్టుపని గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, అదీ పారిపోవడానికి దారిగా.

డీటీపీ షాపు మాత్రం ఇవాళ్టితో ఆపేయండి. పేజీకి నలభై రూపాయలు పోతున్నాయని కాదు. మండలాలవారీ విస్తీర్ణాలంటే పోనీలే అనుకోవచ్చు. అదే పెన్‌డ్రైవ్‌లో రేపు రైతుల పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న లిస్టు కూడా పోతుంది. షాపు కంప్యూటర్‌లో కాపీ మిగులుతుంది. ఎవరైనా పట్టుకుంటే "టేబుల్ వేయడం రాక" అన్న జవాబు అక్కడ చెల్లదు. ఇప్పటిదాకా ఇచ్చిన ఫైళ్లు తీసేయమని ఆ అబ్బాయిని మర్యాదగా అడిగి, దగ్గరుండి తీయించండి. ఆ అబ్బాయిని వదులుకోనక్కర్లేదు. మీకు ఇన్నాళ్లూ పని చేసిపెట్టాడు, గుట్టు దాచాడు. పేజీకి ఇచ్చే డబ్బులు గంటకు ఇస్తానని అడిగి చూడండి: "నాయనా, నువ్వు వేయొద్దు, నేను వేస్తా, నువ్వు చూడు" అని. అంకెలు లేని ఉత్త గడులు తీసుకుపోండి, లేదా ఇంటి ఖర్చుల లెక్క. ఒప్పుకుంటే నాలుగు సాయంత్రాల పని. షాపు రద్దీగా ఉంటే ఒప్పుకోకపోవచ్చు, తప్పు పట్టకండి.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. మీ నాలుగు పేజీల్లో గీత గీసింది ఈ ఒక్క వాక్యం కిందే కాబట్టి, అసలు బరువు ఎక్కడుందో మీకూ తెలుసు. దీనికి రెండు దారులున్నాయి, రెంటికీ ఖర్చుంది.

మొదటిది, ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడటం. "ఆ స్టేట్‌మెంట్ నేను చేసింది. నీ మీద పడినప్పుడు భయపడి ఊరుకున్నా" అని. సాకులు కలపకుండా అంతే చెప్పాలి. ఆ అమ్మాయికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు, మీవైపు చూసింది అందుకే. చెబితే మీ ఇద్దరి మధ్య కొంత తేలికపడొచ్చు. కోపంగా ఒక మాట అంటే పడాలి. కానీ సూపరింటెండెంట్ మనసులో తప్పు ఆ పిల్లదిగానే ఉండిపోతుంది. ఔట్‌సోర్సింగ్ వాళ్ల కొనసాగింపు ఎప్పుడూ ఎవరో ఒకరి మంచి మాట మీద వేలాడుతుంటుంది. మీ మీద వేటు వేయాలంటే రూల్సు, మెమో, సంజాయిషీ అని చాలా మెట్లున్నాయి. ఆ పిల్లకు ఒక్క మెట్టూ లేదు. మీ మౌనం మీకన్నా ఆమెకే ఎక్కువ ఖరీదు పడుతోంది.

రెండోది, సూపరింటెండెంట్‌కు చెప్పడం. ఆయనకు రెండు విధాల ఇబ్బంది: మీరు ఆలస్యంగా చెప్పారని ఒకటి, తను అడగకుండానే ఒకరిని తిట్టానని ఇంకొకటి. ఆ రెండో ఇబ్బందిని కూడా మీ మీదే తీర్చుకోవచ్చు. సెక్షన్‌లో నాలుగు రోజులు చెప్పుకుంటారు. మిమ్మల్ని టపా సెక్షన్‌కు మార్చినా మార్చొచ్చు. అక్కడ ఇన్‌వర్డ్ నంబర్లు వేసుకుంటూ హాయిగా ఉంటుంది. నాకైతే ఆ హాయే భయం, ఎందుకంటే కంప్యూటర్ పరీక్ష అక్కడికీ వెతుక్కుంటూ వస్తుంది. మార్చుతానంటే రెండు వారాలు గడువు అడగండి. చెప్పేటప్పుడు "నాకు రాదు" అని ఆపకండి. "నేను చేసిన స్టేట్‌మెంట్ అది, స్పేసులతో కొట్టాను, ఇప్పుడు టేబుల్ వేయడం నేర్చుకుంటున్నా, వచ్చే స్టేట్‌మెంట్ మీకు ఒకరోజు ముందే చూపిస్తా" అనండి. సరిచేసిన కాగితం చేతిలో పట్టుకొని వెళ్తే ఇంకా మంచిది.

నన్నడిగితే ముందు అమ్మాయి, ఆ సాయంత్రమే సూపరింటెండెంట్. వరస తిరగేస్తే, మీరు ఒప్పుకున్న సంగతి ఆ పిల్లకు ఇంకొకరి నోట తెలుస్తుంది. అయితే ఆ మొహాలు రోజూ చూసేది మీరు, నేను కాదు. ఏది ముందో మీరే తేల్చుకోండి.

సరిచేసిన కాగితం అన్నాను కదా, దాని సంగతి చూద్దాం. చదివేవాళ్లలో కొందరు ఈపాటికి "ఎక్సెల్‌లో చేస్తే పోలా" అనుకుంటుంటారు. లెక్కలు ఎక్కువైతే ఎక్సెలే మేలు, నిజమే. కానీ కవరింగ్ లెటర్ మధ్యలో, నోట్‌లో, మినిట్స్‌లో వచ్చే స్టేట్‌మెంట్‌కు వర్డ్‌లో టేబుల్ రాక తప్పదు.

చెదిరిపోయిన ఆ ఫైలునే మళ్లీ తెరవండి. మొత్తం మళ్లీ కొట్టనక్కర్లేదు. ముందు దానికొక కాపీ చేసి, పని అంతా కాపీలోనే చేయండి. మీరు గీతల కోసం కొట్టిన డాష్‌ల లైన్లు తీసేయండి. ఎక్కడైనా అంకె లేక ఖాళీ వదిలి ఉంటే అక్కడ 0 పెట్టండి, ఇది మరిచిపోతే తర్వాత ఆ వరసలో అంకెలన్నీ ఒక గడి ఎడమకు జరుగుతాయి. స్టేట్‌మెంట్ భాగం మాత్రం సెలెక్ట్ చేసుకొని కంట్రోల్ హెచ్ నొక్కండి. వెతకాల్సిన చోట రెండు స్పేసులు కొట్టండి. మార్చాల్సిన చోట టోపీ గుర్తు (^), దాని పక్కన ఇంగ్లిష్ చిన్న 'టి' కొట్టండి. ఆ టోపీ గుర్తు మీకు ఆరు అంకె మీద షిఫ్ట్‌తో వస్తుంది. ఆ రెండూ కలిస్తే వర్డ్ భాషలో ట్యాబ్ అని అర్థం. రీప్లేస్ ఆల్ కొట్టగానే స్పేసులన్నీ ట్యాబ్‌లవుతాయి. మిగతా డాక్యుమెంట్ కూడా వెతకమంటావా అని అడిగితే వద్దనండి. ఇప్పుడు వెతికే చోట ఆ జంటను రెండుసార్లు, మార్చే చోట ఒకసారి కొట్టి, పక్కపక్కన రెండు ట్యాబ్‌లున్న చోట ఒకటి పెట్టమనండి, మార్చినవి సున్నా అని చెప్పేదాకా మళ్లీ మళ్లీ కొట్టండి. ఏడు స్పేసుల్లాంటి బేసి లెక్క ఉన్నచోట ట్యాబ్ వెనక ఒక ఒంటరి స్పేసు మిగులుతుంది, అదీ అలాగే తీసేయొచ్చు. ఊరి పేరులో ఉండే ఒక్క స్పేసు చెడదు, మనం రెండింటినే వెతికాం కదా.

అంతా సెలెక్ట్ అయి ఉండగానే ఇన్సర్ట్, టేబుల్, కన్వర్ట్ టెక్స్ట్ టు టేబుల్. అడిగినచోట ట్యాబ్స్ అని ఎంచుకోండి. కాలమ్స్ సంఖ్య మీరనుకున్నదే చూపిస్తే ఓకే. ఎక్కువ చూపిస్తే ఏదో ఒక వరసలో ట్యాబ్ ఎక్కువైందన్నమాట, క్యాన్సిల్ చేసి వెతకండి. మొదటిసారి గడులు ఒక్కసారిగా వచ్చి వాలినప్పుడు చూడాలి. అక్కడ బుక్కరాయసముద్రం తన గడి దాటి ఎక్కడికీ పోలేదు. పేరు పొడవైతే కాలమ్ వెడల్పవుతుంది, లేదా మాట అదే గడిలో రెండో లైనుకు దిగుతుంది. అంకె మాత్రం పక్క మండలానికి పోదు.

కొత్తగా వేసేటప్పుడు ఇంత గొడవ లేదు. ఇన్సర్ట్ కింద టేబుల్ నొక్కితే చిన్న గడులు కనిపిస్తాయి, వాటి మీద మౌస్ ఎన్ని గడుల దాకా లాగితే అన్ని కాలమ్స్, అన్ని వరసలు. మీ అబ్బాయి "అంతే" అన్నది ఇక్కడిదాకే. ఆ బొమ్మలో ఎనిమిది వరసలే ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక అనంతపురానికి మిగిలినవి 31 మండలాలు, మరెట్లా అని ఖంగారు పడకండి. చివరి గడిలో నిలబడి ట్యాబ్ కొడితే కింద ఇంకో వరస పుడుతుంది. (వర్డ్ ఒక టేబుల్‌లో 63 కాలమ్స్ దాకా ఒప్పుకుంటుంది. విడిపోకముందు మన జిల్లాలో మండలాలు కూడా సరిగ్గా 63. ఈ సంగతి ఎవరికీ పనికిరాదు, నాకు ముచ్చటేసి చెబుతున్నా.)

ఇంకో చిత్రం. మీరు డాష్‌లు కొట్టే అలవాటున్న మనిషి కాబట్టి: ఒక ప్లస్, కొన్ని డాష్‌లు, ఒక ప్లస్, కొన్ని డాష్‌లు, ఒక ప్లస్ కొట్టి ఎంటర్ నొక్కి చూడండి. సెట్టింగ్స్ ఎవరూ మార్చకపోతే వర్డ్ దాన్నే టేబుల్ చేసేస్తుంది.

ముప్పై ఒక్క వరసలంటే రెండో పేజీలోకి పోవచ్చు. బీరువాలోని రిజిస్టర్ తీసి చూడండి. మీవారు ప్రతి పేజీ మీదా శీర్షికలు మళ్లీ రాసే ఉంటారు. వర్డ్‌లో ఆ పనికి పేరు రిపీట్ హెడర్ రోస్. మొదటి వరసలో కర్సర్ పెట్టి, టేబుల్ లేఅవుట్‌లో అది నొక్కితే ప్రతి పేజీకీ శీర్షిక దానంతటదే వస్తుంది. అంకెలు కుడివైపుకు సర్దండి. లేకపోతే 8 కిందకు 1,240 వచ్చినప్పుడు ఒకట్ల స్థానం ఎక్కడుందో కన్ను వెతుక్కుంటుంది. వరస ఎత్తుగానీ, లైన్ల మధ్య దూరంగానీ 'ఎగ్జాక్ట్‌లీ' అని బిగించకండి. ఇంగ్లిష్‌కు సరిపోయిన కొలతలో తెలుగు ఒత్తులు తెగిపోతాయి.

మొత్తం వేసే దగ్గర నా కథ ఒకటి చెప్పాలి. నేనూ ఒక ఆఫీసులో ఇలాంటి కాగితాలు చేశాను. ఒకసారి నెలవారీ వర్షపాతం టేబుల్ వేసి, కాలమ్ పైన ఉత్త 2008 అని సంవత్సరం కొట్టి, కింద ఫార్ములా పెట్టాను. సమ్ అబోవ్ అంటే పైనున్నవన్నీ కూడమని. అది శీర్షికలోని 2008 కూడా అంకే అనుకొని కూడేసింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర పడే జిల్లాలో నేను రెండున్నర వేల మిల్లీమీటర్ల వాన కురిపించాను. ఒక్కరూ గమనించలేదు, అటెండర్ తప్ప. "ఇంత వానెప్పుడు పడిందప్పా" అన్నాడాయన. అప్పట్నుంచి ఫలానా గడి నుంచి ఫలానా గడి దాకా అని చెప్పి కూడిస్తాను, క్యాలిక్యులేటర్‌తో ఇంకోసారి చూస్తాను. పై అంకె మార్చితే మొత్తం దానంతటది మారదు, దాని మీద కర్సర్ పెట్టి ఎఫ్9 కొట్టాలి. మధ్యలో ఖాళీ గడి ఉంటే కూడిక అక్కడే ఆగిపోవచ్చు. ఆ 0 ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.

ఇంట్లో సాధన చేయడానికి అబ్బాయి పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే, లిబ్రే ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది. అందులో రైటర్ అని ఉంటుంది, టేబుల్స్‌కు ప్రత్యేకంగా ఒక మెనూనే ఉంది. బటన్లు వేరే చోట ఉంటాయి, పరీక్షకు ముందు మాత్రం ఆఫీసులో వర్డ్ మీదే కూర్చోండి. ఎవరు నేర్పాలి అంటే, నిజానికి మీ పక్క కుర్చీలోని ఆ పిల్లే అందరికన్నా బాగా నేర్పగలదు. కానీ క్షమాపణ చెప్పిన రోజే "నాకు టేబుల్స్ నేర్పు" అనకండి. అవసరం కొద్దీ వచ్చారనుకుంటుంది. వారం ఆగండి. అడగడానికి ధైర్యం చాలకపోతే, పైన చెప్పినట్టు మీరే ఒక టేబుల్ వేసి, ఎక్కడో ఒకచోట తప్పకుండా ఇరుక్కుంటారు, ఆ ఒక్కదాని గురించి అడగండి.

మార్జిన్‌లోని ప్రశ్నకు వస్తాను. గడిలో ఎంటర్ అంటే అదే గడిలో కొత్త లైను, అందుకే అది పెద్దదవుతోంది. ఒకసారి బ్యాక్‌స్పేస్ కొడితే మామూలుగా అయిపోతుంది. పక్క గడికి పోవడానికి ట్యాబ్, వెనక గడికి రావడానికి షిఫ్ట్ పట్టుకొని ట్యాబ్. చూడకుండా టైపు కొట్టే చేయి మీది, వెతుక్కోనక్కర్లేదు: ఎడమ చిటికెన వేలు 'ఏ' మీద ఉంటుంది కదా, అక్కడి నుంచి ఒక మెట్టు పైకి, 'క్యూ' దాటి ఎడమకు.